మార్చి గీత

అలప్పుళలో కాలువ ఒడ్డున, పాత గోదాముల వరుస చివర, పీచు సరుకు ఎగుమతిదారుల సంఘం ఆఫీసు ఉండేది. అందులో కిటికీ పక్క బల్ల దగ్గర విలాసిని ముప్ఫై రెండేళ్లు కూర్చుంది. ఊళ్లో నేసిన పట్టా, అదే, గుమ్మం ముందు వేసుకుని కాళ్లు తుడుచుకునే కొబ్బరి పీచు పట్టా, ఓడ ఎక్కాలంటే ముందు ఆమె బల్ల ఎక్కాలి. ఈ సరుకు ఫలానా కంపెనీది, ఈ ఊళ్లోనే తయారైంది అని ఒక పత్రం, దానికి నాలుగు ప్రతులు, నాలుగింటి మీదా సంఘం ముద్ర. ముద్ర లేకపోతే అవతలి రేవులో పేచీ పెడతారు. కంపెనీల గుమస్తాలు దాన్ని పుట్టుక పత్రం అనేవాళ్లు, విలాసినిని చేచీ, అంటే అక్కా అనేవాళ్లు, తమ యజమానిని ముతలాళి అనేవాళ్లు. "చేచీ, మా ముతలాళికి నాలుగు వేలమంది పుట్టారు, తొందరగా పేర్లు పెట్టెయ్" అంటూ కాగితాలు బల్ల మీద పడేసేవాళ్లు.

ఆమె నవ్వేది కాదు. కళ్లజోడు సర్దుకుని కాగితం మొదటినుంచి చివరిదాకా చదివేది. ముద్ర కొట్టాక పక్కనున్న పొడుగాటి రిజిస్టరు తెరిచి, ఆ కంపెనీ పేరు ఎదురుగా, ఆ నెల గడిలో, అగ్గిపుల్లంత నిలువు గీత ఒకటి గీసేది. ఏటా దేశానికో కొత్త రిజిస్టరు ఉండేది కానీ అన్నిట్లోకి లావుది హాలండుది. ఆ దేశంలో వానలెక్కువ, బురదెక్కువ, కాళ్లు తుడుచుకోకుండా ఇంట్లోకి అడుగుపెట్టే అలవాటు లేదట. పుణ్యాత్ములు. వాళ్ల కాళ్ల బురద మీదే ఇక్కడ సగం ఊరు అన్నం తినేది.

మార్చి ముప్ఫై ఒకటిన లెక్క. పన్నెండు గడుల్లో ఒక్క గీతైనా ఉన్న కంపెనీలు ఎన్నో లెక్కపెట్టి, కింద సంతకం చేసి ఇచ్చేది. ఈ ఏడు హాలండుకు సరుకు పంపిన మన ఊరి కంపెనీలు ఇన్ని అని ఆ అంకె సంఘం పుస్తకంలో అచ్చయ్యేది, తిరువనంతపురం వెళ్లేది, అక్కడినుంచి ఢిల్లీ వెళ్లేది. మంత్రులు సభల్లో చదివేవాళ్లు. అది చదివినవాడికెవడికీ దాని వెనక విలాసిని అనే మనిషి ఉందని తెలియదు. తెలియకపోయినా ఆమెకు లోలోపల గర్వమే. ఒకసారి పైనుంచి కిందికి, ఒకసారి కిందినుంచి పైకి, రెండుసార్లు లెక్కపెడితే గానీ సంతకం పెట్టేది కాదు. ఒక పెద్ద కంపెనీ ముతలాళి, ఏప్రిల్ రెండున వచ్చిన పత్రాన్ని మార్చిలో వేయమని రెండు గంటలు బతిమాలి, తర్వాత బెదిరించి, చివరికి తలుపు విసిరేసి పోయాడు. ఆ కథ ఆమె ఇంట్లో చాలాసార్లు చెప్పింది.

ఇల్లంటే అన్న ఇల్లు. ఆమె పెళ్లి చేసుకోలేదు. ముందు గదిలో ఆమె, వెనక గదుల్లో ఆమె చేట్టా అని పిలిచే అన్న పుష్కరన్, వదిన రమణి. పెరట్లో పుష్కరన్ మగ్గాల షెడ్డు. నాలుగు చెక్క మగ్గాలు, ఏడుగురు ఆడవాళ్లు. పొద్దున్న ఏడున్నరకల్లా మగ్గాలు దబదబమని మొదలయ్యేవి. ఆ చప్పుడులోనే విలాసిని జడ వేసుకునేది, బియ్యపు కంజి తాగేది, గొడుగు పట్టుకుని బస్సుకు వెళ్లేది. ఆదివారం మగ్గాలు ఆగితే ఆమెకు తలనొప్పి వచ్చేది.

పుష్కరన్ నేసిన పట్టా తిరగేసి చూసినా ఎక్కడా వదులు కనబడదు. అంచు కుట్టు గీత గీసినట్టు ఉంటుంది. అంత పనీ చేసి, డిపోకి వేసేవాడు. డిపో అంటే చిన్న షెడ్లవాళ్ల దగ్గర సరుకు కొని పెద్ద కంపెనీలకు పోసే దళారీ గోదాము. అక్కడ పట్టా వెనక ఏదో ఒక ముతలాళి కంపెనీ గుర్తు నల్ల రంగుతో అచ్చు కొట్టేవాళ్లు. అచ్చు పడ్డాక అది పుష్కరన్‌ది కాదు. చెల్లెలి రిజిస్టరులో గీత ఆ ముతలాళి పేరు ఎదురుగా పడేది.

"మా ఇంట్లోనే రిజిస్టరు పెట్టుకుని నాకొక్క గీత లేదు చూడు" అని పుష్కరన్ ప్రతి మార్చిలోనూ ఆటపట్టించేవాడు. "ఏమే, ఎవరూ చూడకుండా ఒక్క పుల్ల గీసెయ్. రాటర్‌డాం రేవువాళ్లొచ్చి నన్ను పట్టుకుపోతారా?"

"పత్రం తీసుకురా చేట్టా, గీస్తాను. పత్రం లేకుండా దేవుడొచ్చి అడిగినా గీయను" అనేది ఆమె.

"అమ్మో, దేవుడిక్కూడా సభ్యత్వం కావాలన్నమాట!"

నవ్వుకునేవాళ్లు. కానీ తొంభై రెండులో ఒకసారి అది నవ్వులాట కాకుండా పోయింది. హాలండునుంచి సరుకు చూడ్డానికి వచ్చిన పొడుగాటి మనిషి ఒకాయన, ముతలాళుల కార్లు వదిలించుకుని, సైకిల్ అద్దెకు తీసుకుని, సందులన్నీ తిరుగుతూ ఈ షెడ్డుకు వచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని పట్టా తిరగేశాడు. గోటితో గీరాడు. రమణి ఇచ్చిన ఉడికించిన కర్రపెండలం, చేపల పులుసు తిని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, కారానికి. నెల తర్వాత ఉత్తరం వచ్చింది. ఆరు వందల పట్టాలు కావాలి, నీ పేరు మీదే పంపు అని.

పుష్కరన్ ఆ ఉత్తరాన్ని పోస్టుమ్యాన్‌తో మూడుసార్లు చదివించుకున్నాడు. పేరు మీద పంపాలంటే సంఘంలో చేరాలి. చేరాలంటే ఇద్దరు పాత సభ్యులు సంతకం పెట్టాలి. పాత సభ్యులంటే ఎవరు? వీడి పట్టాలు డిపో ద్వారా కొనుక్కుంటున్న ముతలాళులే. వాళ్లెందుకు పెడతారు? నాలుగు గుమ్మాలు ఎక్కి దిగాడు. చివరికి చెల్లెల్ని అడిగాడు.

"కొచ్చువరీదు ముతలాళికి నువ్వంటే అభిమానం కదే. ఆయన్నొక్క మాట అడుగు. ఆయన పెడితే ఇంకొకళ్లు పెడతారు."

అభిమానం నిజమే. ఇరవై ఆరేళ్ల విలాసినిని ఆ ఉద్యోగంలో పెట్టించింది ఆయనే. "ఈ పిల్ల లెక్క తప్పదు" అని అప్పటి సెక్రటరీకి చెప్పింది ఆయనే. ఆమె రెండు రోజులు ఆలోచించింది.

"నా వల్ల కాదు చేట్టా" అంది. "ఇంటి పని ఆఫీసులోకి తీసుకెళ్తే రేపు నా లెక్కను ఎవరు నమ్ముతారు?"

పుష్కరన్ షెడ్డులోకి వెళ్లిపోయాడు. ఆరు వందల పట్టాలు అప్పటికే నేయించేశాడు. వాటిని డిపోకి వేశాడు. డిపోలో కొచ్చువరీదు కంపెనీ అచ్చు పడింది. పదిహేను రోజులకు పత్రం విలాసిని బల్ల మీదికి వచ్చింది. కొనేవాడి పేరు చూస్తే ఆ పొడుగాటి మనిషే. ఆమె చదివింది, ముద్ర కొట్టింది, కొచ్చువరీదు పేరు ఎదురుగా గీత గీసింది. నియమం ప్రకారం అది సరైన గీతే. ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పలేదు. ఉత్తరం చాలాకాలం షెడ్డులో క్యాలెండరు వెనక ఉండి, ఒక వానాకాలం చెమ్మకు నాని పోయింది.

అంత నియమంగల మనిషి చేత మొదటి దొంగ గీత గీయించిందీ ఆ కొచ్చువరీదు ముతలాళే. రెండు వేల సంవత్సరం మార్చి ఆఖరు వారం. తెల్ల ముండు పంచె, చేతికర్ర, రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఆ ఏడంతా ఆయన కంపెనీ నుంచి ఒక్క పత్రం రాలేదు. యంత్రాల మీద చేసిన రబ్బరు పట్టాలు వచ్చి పీచు పట్టాల నెత్తిన కూర్చున్నాక, హాలండు వాళ్లు ఆయనకు ఉత్తరాలు రాయడం మానేశారు.

"విలాసినీ, మా అప్పచ్చన్ పెట్టిన కంపెనీ అది. డెబ్భై ఏళ్లు" అన్నాడు తండ్రిని తలుచుకుని. "ఈ ఏడు పుస్తకంలో మా పేరు లేకపోతే ఆదివారం చర్చిలో నా పక్కన కూర్చునేవాడు ఉండడమ్మా. నేను పోయాక కొట్టెయ్. నేనుండగా వద్దు. ఒక్క గీత."

చెయ్యి చాపి ఆమె బల్ల అంచు పట్టుకున్నాడు. ఆ చెయ్యే ఆమెను ఈ కుర్చీలో కూర్చోబెట్టింది. విలాసిని మొదట తల అడ్డంగా ఊపింది. ముసలాయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె రిజిస్టరు తెరిచింది. మార్చి గడిలో గీత గీసింది. అగ్గిపుల్లంత. అంతే కదా, ఎవరి కొంప మునుగుతుంది అనుకుంది.

ముతలాళుల్లో రహస్యం అనేది ఆదివారం చర్చి మెట్లు దిగేదాకానే, షెడ్లదాకా మాత్రం ఆ మాట రాలేదు. మరుసటి మార్చిలో ఇంకో ఇద్దరు వచ్చారు. కొచ్చువరీదుకు గీసిన చెయ్యి మాకెందుకు గీయదు, మా అప్పన్లు మాత్రం గడ్డి తిన్నారా అన్నారు. వాళ్లకూ గీసింది. ఆ పైఏడు నలుగురు. కొచ్చువరీదు పోయాడు, కొడుకులు వచ్చి "అప్పచ్చన్ పేరు ఉండనీ చేచీ" అన్నారు. పోయినవాళ్ల పేరు ఉంచేశాక బతికున్నవాళ్ల పేరు ఎలా కొట్టేస్తుంది? అదొక ఆనవాయితీ అయిపోయింది. మార్చి ఆఖరు వారంలో మూతపడిన కంపెనీల ముతలాళులు వరుసగా వస్తారు. ఒకరి చేతిలో అరటికాయ చిప్స్ పొట్లం, ఒకరి చేతిలో ప్లమ్ కేకు. చేచి గీత గీస్తుంది. దానికి 'మార్చి గీత' అని పేరు కూడా పెట్టారు. కొత్త సెక్రటరీ మాత్తుకుట్టి సార్ అన్నీ చూశాడు, ఏమీ చూడనట్టే ఉన్నాడు. అంకె పెద్దదిగా ఉంటే ఆయనకూ సుఖమే. ప్రతి ఏడూ హాలండులో జరిగే సంతకు ఎంతమంది విమానం ఎక్కొచ్చో ఆ అంకెను బట్టే నిర్ణయిస్తారు.

అలా ఊళ్లో కంపెనీలు ఒకటొకటిగా మూతపడుతుంటే, విలాసిని లెక్కలో మాత్రం పోయినవి పోకుండా ఉండి, కొత్తవి ఒకటీ అరా చేరి ఏటేటా పెరిగాయి. చివరి మూడేళ్లలో అరవై ఆరు, అరవై ఏడు, అరవై ఎనిమిది. అందులో నిజంగా సరుకు పంపేవాళ్లు ముప్ఫై ఒక్కమంది. మిగిలినవాళ్లందరికీ పదకొండు గడులు ఖాళీ, మార్చిలో ఒక పుల్ల.

ఈ తొమ్మిదేళ్లలో పుష్కరన్ ఆటపట్టించడం మానేశాడు. డిపోవాడు వారానికోసారి వచ్చేవాడల్లా నెలకోసారి వచ్చాడు. తర్వాత కబురు పెడితే వచ్చాడు. ఏడుగురు ఆడవాళ్లు నలుగురయ్యారు, నాలుగు మగ్గాల్లో రెండు ఆగిపోయాయి. మిగిలిన రెంటి చప్పుడు ఎక్కడో పక్కింట్లోంచి వస్తున్నట్టు సన్నగా వినిపించేది.

అలాంటప్పుడు, రెండు వేల తొమ్మిది ఓణం అయిన రెండు వారాలకు, పేపర్లో ఆ వార్త వచ్చింది. ఏ ఊళ్లోనైతే ఒక దేశానికి సరుకు పంపే కంపెనీలు అయిదేళ్లలో మూడో వంతు తగ్గాయో, ఆ ఊరి చిన్న మగ్గాల షెడ్లను ప్రభుత్వం ఆదుకుంటుంది. రెండేళ్లపాటు పీచుతాడు తనే ఇస్తుంది, నేసినంతా తనే కొంటుంది, మధ్యలో డిపో లేదు. పుష్కరన్ పేపరు పట్టుకుని షెడ్డులోంచి పరుగులాంటి నడకతో వచ్చాడు. అరవై దాటిన మనిషి, ముఖం వెలిగిపోతోంది.

"మూడో వంతు అంటున్నాడే! మూడో వంతేం ఖర్మ, మన దగ్గర సగం పైన పోయారు. మనకు రాకపోతే ఇంకే ఊరికొస్తుంది?"

మగ్గం దగ్గరున్న కౌసల్య, ఆ షెడ్డులో ఇరవై ఏళ్లుగా నేస్తున్న మనిషి, కూర్చున్నచోటు నుంచే కేకేసింది. "భయం లేదు చేట్టా! లెక్క మన చేచి చేతిలోనే ఉంది కదా. కలెక్టరాఫీసువాళ్లు లెక్క అడిగేది మన చేచినే!"

"అదే నేననేది! రెండేళ్లు దక్కితే చాలు, మిగిలిన రెండు మగ్గాలూ లేపుతాను" అన్నాడు పుష్కరన్. "లేదంటే ఈ డిసెంబరుకు తాళం వేసెయ్యడమే. ఇంక నా వల్ల కాదు."

విలాసిని తాగుతున్న కంజి ఆపి లేచింది. గిన్నె అలాగే వదిలేసి బస్సుకు వెళ్లింది.

ఆఫీసులో మాత్తుకుట్టి సార్ గది తలుపు తోసుకుని వెళ్లడం ఆమె జన్మలో అదే మొదటిసారి.

"సార్, నిజం లెక్క పంపిద్దాం. అయిదేళ్లదీ మళ్లీ తీసి ఇస్తాను. మార్చి గీతలన్నీ తీసేస్తే సరిపోతుంది."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "ఏ గీతలు?"

"మీకు తెలుసు కదా సార్."

"నాకేం తెలుసు? రిజిస్టరు నీది, చేతిరాత నీది, సంతకం నీది. సంఘం నీ మాట నమ్మింది." గొంతు తగ్గించి, మంచిగా అన్నాడు. "విలాసినీ, అరవై ఎనిమిదిని ఒక్కసారి ముప్ఫై చేస్తే ఢిల్లీలో మన ముఖం ఎవడు చూస్తాడు? బ్యాంకులు ఏమంటాయి? ముప్ఫై ఏడుమంది ముతలాళుల పరువు నడిబజార్లో పెడతావా? ఎంత, మీ అన్నవి నాలుగు మగ్గాలు."

"మా అన్నవి నాలుగే సార్. ఊళ్లో ఎన్ని షెడ్లున్నాయో మీకు తెలియదా?"

"షెడ్లు సంఘంలో సభ్యులు కాదు కదా" అన్నాడాయన, నియమాల పుస్తకం చదువుతున్నట్టు. ఆ నియమాన్ని పదిహేడేళ్ల కిందట పుష్కరన్‌కు చెప్పింది తనే అని విలాసినికి గుర్తొచ్చింది.

మర్నాడు సెలవు పెట్టి, అయిదు రిజిస్టర్లు గుడ్డ సంచీలో వేసుకుని, పథకం చూసే ఆఫీసరు దగ్గరికి వెళ్లింది. ఆవిడ చిన్న వయసుది, మంచిది. కుర్చీ వేయించింది, మజ్జిగ ఇప్పించింది. విలాసిని పేజీలు తిప్పి చూపించింది. ఇదిగో, పదకొండు ఖాళీలు, ఒక పుల్ల. ఇదిగో, ఇక్కడా. ఇదంతా నేనే గీశాను, పత్రాలు లేవు, కంపెనీలు లేవు. చెబుతుంటే సిగ్గుతో చచ్చిపోయింది. అయినా ఒక్కటీ దాచలేదు.

ఆఫీసరు చివరిదాకా విని, అంతకు ముందే సంఘం పంపిన కాగితం తీసి పక్కన పెట్టింది. దాని మీదా విలాసిని సంతకమే.

"తొమ్మిదేళ్లు ఇదే నిజమని రాసిచ్చారు. ఇవాళ కాదంటున్నారు. పైవాళ్లు నన్ను ఏమడుగుతారో తెలుసా? ఆ షెడ్లలో ఆవిడ అన్నది కూడా ఒకటుందా అని."

"ఉంది" అంది విలాసిని.

"అదీ సంగతి." ఆవిడ రిజిస్టరు మూసి విలాసిని వైపు జరిపింది. "నాకు మీ మాట మీద నమ్మకముందమ్మా. చూస్తేనే తెలుస్తోంది. కానీ సంఘం నుంచి ఉత్తరం కావాలి, పాత లెక్క తప్పని. తెండి, నెలాఖరుదాకా ఆపుతాను. తేలేకపోతే నన్నేం చేయమంటారు? మా ఊరికి ఏ జబ్బూ లేదని మీరే రాసిచ్చారు. ఇప్పుడు మందు రాయమంటే ఎలా?"

సంఘం ఉత్తరం ఇవ్వలేదు. విలాసిని కొచ్చువరీదు కొడుకుల ఇంటికి వెళ్లింది, మీ పేరు నిజంగా లేదని మీరైనా రాసివ్వండి అని. పెద్దకొడుకు మెట్ల మీదే నిలబెట్టి, "అప్పచ్చన్ నీకు ఉద్యోగమిస్తే ఇదా నువ్వు చేసేది?" అన్నాడు. ఇంకో ఎనిమిది గుమ్మాలు ఎక్కింది. చిప్స్ పొట్లాలు తెచ్చిన చేతులే తలుపులు వేసేశాయి. ఒకప్పుడు అన్న ఎక్కి దిగిన గుమ్మాలే అవి. నెలాఖరు దాటిపోయింది. పథకం ఇచ్చిన ఊళ్ల పేర్లు పేపర్లో వేశారు. ఈ ఊరు అందులో లేదు. పక్కనే చిన్న అక్షరాల్లో, అలప్పుళలో ఎగుమతులు నిలకడగా పెరుగుతున్నాయని రాశారు.

అది చదివాక గానీ పుష్కరన్‌కు అర్థం కాలేదు. విలాసినే చెప్పింది, మొదటి గీత నుంచి అన్నీ. అతను పేపరు మడిచి, మడిచి, అరచేతిలో పట్టేంత చేశాడు.

"కొచ్చువరీదుకా?" అన్నాడు. అంతే అడిగాడు.

డిసెంబరు దాకా కూడా ఆగలేదు. కాయల్ అనే ఉప్పునీటి సరస్సు ఒడ్డున కడుతున్న ఒక రిసార్టువాళ్లు వచ్చి రెండు మగ్గాలు తీసుకెళ్లారు. ముందు హాల్లో పెడతారట, వచ్చినవాళ్లు ఫొటోలు దిగడానికి. చెదలు పట్టిన రెండూ కట్టెల అడితికి పోయాయి. మగ్గాన్ని లారీలోకి ఎక్కించేటప్పుడు కౌసల్య దాని చెక్కను ఒకసారి తడిమి, కొంగు దోపుకుని వెళ్లిపోయింది. ఆ వారంలోనే రొయ్యలు వలిచే షెడ్డులో చేరింది. ఐసులో పొద్దస్తమానం నాని ఆమె వేళ్లు తెల్లగా ఉబ్బిపోయాయి. తర్వాత బస్టాపులో విలాసిని ఎదురుపడితే కౌసల్య పలకరించింది కానీ, చేచీ అని పిలవలేదు. ఇంట్లో పొద్దున్న ఏడున్నరకు చప్పుడు లేదు. అన్ని రోజులూ ఆదివారాలే.

మరుసటి మార్చి ముప్ఫై ఒకటి విలాసిని ఉద్యోగానికి ఆఖరి రోజు. ఆ వారం ముతలాళులు మామూలుగానే వచ్చారు, పొట్లాలతో. ఆమె ఎవరివీ ముట్టుకోలేదు. "పత్రం తెచ్చారా?" అని అడిగింది. తేలేదని వాళ్లు నవ్వారు. "అయితే గీత లేదు" అంది. ఆఖరి రోజు పొద్దున్న పైనుంచి కిందికి, కిందినుంచి పైకి లెక్కపెట్టి, ఇరవై తొమ్మిది అని రాసి, సంతకం చేసి, మాత్తుకుట్టి సార్ బల్ల మీద పెట్టింది. ఆయన చదివి, సొరుగులో వేసుకున్నాడు.

మధ్యాహ్నం సన్మానం. బిర్యానీ తెప్పించారు. జరీ అంచు శాలువా కప్పారు. మాత్తుకుట్టి సార్ మైకు పట్టుకుని, విలాసిని చేచి నిజాయితీకి మారుపేరు అన్నాడు. "ఆమె చేతుల మీదుగా ఈ ఏడు హాలండుకు సరుకు పంపిన మన కంపెనీలు అరవై తొమ్మిది! ఇది మన ఊరి చరిత్రలో రికార్డు!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మూతపడిన ముప్ఫై ఏడుమంది, ఈ ఏడు కొత్తగా మూతపడినవాళ్లూ, ముందు వరసలోనే కూర్చుని కొట్టారు.

మైకు ఆమె చేతికి వచ్చింది. ముప్ఫై రెండేళ్లలో ఆమె మైకు పట్టుకోలేదు.

"ఇరవై తొమ్మిది" అంది.

ఎవరో మైకు దగ్గరగా పెట్టుకోమని సైగ చేశారు.

"నేను లెక్కపెట్టింది ఇరవై తొమ్మిది. రెండుసార్లు లెక్కపెట్టాను."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "పాపం, కంగారుపడిపోతోంది" అంది ఒకావిడ జాలిగా. మాత్తుకుట్టి సార్ మెత్తగా మైకు తీసుకుని, చేచి కళ్లు చెమర్చాయి, మాట తడబడుతోంది, ఇంకోసారి చప్పట్లు కొట్టండి అన్నాడు. కొట్టారు. మొదటిసారి కంటే గట్టిగా కొట్టారు.

శాలువా మడిచి సంచీలో పెట్టుకుని, హాలండు రిజిస్టరు చంకలో పెట్టుకుని ఆమె బయటికి వచ్చింది. రేపటినుంచి కొత్త రిజిస్టరు, పాతది అటక మీదికి. ఎవరూ అడ్డుచెప్పలేదు, అడగనూ లేదు.

ఇంటికి వచ్చేసరికి ఎండ ఇంకా వాలలేదు. పుష్కరన్ ఖాళీ షెడ్డులో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నేల మీద మగ్గాల కాళ్లు ఆనినచోట నాలుగేసి గుంటలు అలాగే ఉన్నాయి. పీచు దుమ్ము మూలల్లో ఇంకా ఎర్రగా ఉంది. అతను రోజూ అలా వచ్చి కూర్చుంటున్నాడు, ఏం చేస్తున్నావని అడిగితే గాలికి అంటాడు.

విలాసిని గోడ వారగా చతికిలబడి రిజిస్టరు తెరిచింది. చివర, పేర్లన్నీ అయిపోయాక, ఒక వరస ఖాళీగా ఉంది. కలం తీసింది. ఆమెకు అప్పుడు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

"చేట్టా, ఆ ఆరు వందల పట్టాలూ నీవి. ఆ ఏడు ఆ గీత నీది. కొచ్చువరీదుది కాదు. నాకు అప్పుడే తెలుసు. నీ పేరు రాస్తాను. ఎవరు చూస్తే చూడనీ, చూడకపోతే పోనీ. ఈ పుస్తకంలో ఒక్క నిజమైన పేరైనా నా చేత్తో నేను రాయనీ."

పుష్కరన్ స్టూలు దగ్గరికి జరుపుకుని ఆ ఖాళీ వరస చూశాడు. తర్వాత నవ్వాడు. పాత రోజుల్లో ఆటపట్టించేటప్పటి నవ్వే.

"రాయవే, రాయి" అన్నాడు. "మగ్గాలు ఆడినన్నాళ్లూ నీ పుస్తకంలో నాకు చోటు లేకపోయింది. ఇప్పుడు మూసేశాను కదా, అర్హత వచ్చింది. ఏ నెలలో గీయాలో కూడా నేను చెప్పక్కర్లేదు. మార్చిలో గీసెయ్."